నీటి తల్లి ఒడ్డున ఖోంగ్ చియమ్

థాయ్‌లాండ్ దేశంలో ఏటిని 'మే నామ్' అంటారు. 'మే' అంటే తల్లి. 'నామ్' అంటే నీళ్ళు. రెండూ కలిపితే నీటి తల్లి. మనం గోదారమ్మ అంటాం. కృష్ణమ్మ అంటాం. అక్కడివాళ్ళూ అంతే.

ఈ పాఠం ఒక ఏటి ఒడ్డున ఉన్న పల్లెల గురించి. ఆ పల్లెలన్నీ కలిసిన ప్రాంతం పేరు ఖోంగ్ చియమ్. అక్కడ ఏరు ఎట్లా పారుతుంది? ఊళ్ళను ఎవరు పాలిస్తారు? ఏటికి అడ్డంగా గోడ కడితే ఏమైంది? ఒక్కొక్కటే తెలుసుకుందాం.

రెండు రంగుల నీళ్ళు

థాయ్‌లాండ్ మన దేశానికి తూర్పున ఉంది. మధ్యలో బంగాళాఖాతం ఉంది. రాజధాని బ్యాంకాక్. ఆ దేశపు ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు. ఈసాన్ మెట్ట ప్రాంతం. చాలా చోట్ల నేల ఇసక నేల. వానలు మే నెలలో మొదలై అక్టోబరు దాకా పడతాయి. మిగతా నెలలు పొడిగా ఉంటాయి. అందుకే అక్కడ ఏరు అంటే ప్రాణం.

ఈసాన్‌లో ఉబోన్ రాచథానీ అనే జిల్లా ఉంది. ఉబోన్ పట్నం నుంచి తూర్పుకు సుమారు 75 కిలోమీటర్లు పోతే ఖోంగ్ చియమ్ వస్తుంది. థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే తూర్పున ఉన్న ప్రాంతం ఇదే. ఆ దేశంలో పొద్దు ముందుగా పొడిచేది ఇక్కడే.

ఇక్కడ రెండు నదులు కలుస్తాయి. ఒకటి మున్ నది. అది పడమటి కొండల్లో పుట్టి, ఈసాన్ అంతా దాటి, 600 కిలోమీటర్లకు పైగా ప్రవహించి వస్తుంది. రెండోది మెకాంగ్. థాయ్ ప్రజలు దాన్ని ఖోంగ్ అంటారు. మెకాంగ్ చాలా పెద్ద నది. టిబెట్ పీఠభూమిలో పుడుతుంది. చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం - ఆరు దేశాల నీళ్ళు తాగి సముద్రంలో కలుస్తుంది.

మెకాంగ్ నీళ్ళు మట్టి రంగులో ఉంటాయి. మున్ నీళ్ళు నీలంగా ఉంటాయి. రెండూ కలిసిన చోట కొంత దూరం దాకా ఆ రంగులు విడివిడిగా కనిపిస్తాయి. దాన్ని 'రెండు రంగుల నది' అంటారు. చూడడానికి దూరం నుంచి జనం వస్తారు. మెకాంగ్ అవతలి ఒడ్డు లావోస్ దేశం.

రాతి మీద చేపలు

ఖోంగ్ చియమ్‌లో మెకాంగ్ ఒడ్డున ఎత్తైన రాతి చరియ ఉంది. పేరు ఫా తేమ్. ఆ చరియ మీద ఎర్రని బొమ్మలు ఉన్నాయి. అవి సుమారు 3,000 ఏళ్ళ కిందటివని పండితులు చెబుతారు.

ఏం బొమ్మలు గీశారు? ఏనుగులు గీశారు. మనుషుల చేతులు గీశారు. పెద్ద పెద్ద చేపలు గీశారు. చేపలు పట్టే బుట్టలు కూడా గీశారు. అప్పటి మనుషులకు అక్షరాలు లేవు. కానీ తమ బతుకు ఏమిటో గుర్తు పెట్టాలనుకున్నారు. రాతి మీద రాసిపెట్టారు. 1991లో ప్రభుత్వం ఆ చోటును జాతీయ వనంగా ప్రకటించింది.

ఈ చేపల బొమ్మలు గుర్తు పెట్టుకోండి. పాఠం చివర మళ్ళీ వాటి అవసరం వస్తుంది.

ఏరే సరిహద్దు అయింది

సుమారు 200 ఏళ్ళ కిందట ఇక్కడ దేశాల మధ్య గీతలు ఇప్పటిలా లేవు. మెకాంగ్‌కు రెండు వైపులా ఉన్నవాళ్ళు ఒకే జనం. లావో భాష మాట్లాడేవాళ్ళు. ఈ ఒడ్డు పిల్లను ఆ ఒడ్డుకు ఇచ్చేవాళ్ళు. ఊళ్ళను స్థానిక దొరలు ఏలేవాళ్ళు. వాళ్ళు బ్యాంకాక్ రాజుకు కప్పం కట్టేవాళ్ళు. అప్పుడు ఆ దేశాన్ని సయాం అనేవారు. థాయ్‌లాండ్ అనే పేరు 1939లో వచ్చింది.

అటు వైపు నుంచి ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1893లో సయాం రాజుతో ఒప్పందం రాయించుకున్నారు. మెకాంగ్ అవతలి ఒడ్డు ఫ్రెంచివాళ్ళకు పోయింది. ఇవతలి ఒడ్డు సయాంకు మిగిలింది. అప్పటిదాకా దాటే ఏరు, ఆ నాటి నుంచి సరిహద్దు అయింది. చుట్టాలు రెండు దేశాల వాళ్ళయ్యారు.

బ్యాంకాక్ ప్రభుత్వం అప్పుడు పాలన మార్చింది. దొరలను పక్కన పెట్టింది. తన ఉద్యోగులను పంపింది. తల పన్ను వసూలు చేసింది. ఉబోన్ ప్రాంతం రైతులకు అది భారమైంది. 1901, 1902 సంవత్సరాలలో వాళ్ళు తిరగబడ్డారు. మహిమలు ఉన్నాయని చెప్పుకున్న కొందరు వాళ్ళకు నాయకులయ్యారు. ప్రభుత్వం ఫిరంగులతో సైన్యాన్ని పంపింది. తిరుగుబాటు అణగిపోయింది. చాలామంది చనిపోయారు.

ఈసాన్ ప్రజలు ఇప్పటికీ ఇంట్లో లావో మాటే మాట్లాడతారు. బడిలో, ఆఫీసులో మాత్రం థాయ్ భాష. ఇంట్లో ఒక మాట, కాగితం మీద ఇంకో మాట. కాబట్టి చదువు రానివాళ్ళకు అక్కడ రెండింతల కష్టం.

ఊరి పెద్ద నుంచి జిల్లా అధికారి దాకా

ఇప్పుడు పాలన సంగతి చూద్దాం.

అక్కడ ఊరిని 'మూబాన్' అంటారు. ఊరికి ఒక పెద్ద ఉంటాడు, లేదా ఉంటుంది. ఆ పదవి పేరు 'ఫూయై బాన్'. ఆ మాటకు అర్థం కూడా 'ఊరి పెద్ద' అనే. ఊరివాళ్ళు ఓటు వేసి ఎన్నుకుంటారు.

కొన్ని ఊళ్ళు కలిస్తే 'తంబోన్'. దానికి పెద్ద 'కామ్నాన్'. ఊరి పెద్దల్లో ఒకరినే కామ్నాన్‌గా ఎన్నుకుంటారు. కొన్ని తంబోన్లు కలిస్తే 'ఆంఫో'. మన మండలం లాంటిది అనుకోవచ్చు. ఖోంగ్ చియమ్ ఒక ఆంఫో. అందులో 5 తంబోన్లు ఉన్నాయి. ఆంఫో అధికారిని 'నై ఆంఫో' అంటారు. ఆంఫోలు కలిస్తే 'చాంగ్వాట్', అంటే జిల్లా. దానికి పెద్ద గవర్నరు. థాయ్‌లాండ్‌లో ఇట్లాంటివి 76 ఉన్నాయి. బ్యాంకాక్ వేరు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఊరి పెద్దను, కామ్నాన్‌ను జనం ఎన్నుకుంటారు. నై ఆంఫోను, గవర్నరును జనం ఎన్నుకోరు. బ్యాంకాక్‌లోని హోంశాఖ వేస్తుంది. కింద ఉన్నవాళ్ళు ఊరికి జవాబు చెప్పాలి. పైన ఉన్నవాళ్ళు రాజధానికి జవాబు చెప్పాలి.

1994లో ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం తంబోన్లకు ఎన్నికైన పాలక సంస్థలు వచ్చాయి. రోడ్లు, నీళ్ళు, చెత్త, చిన్నపిల్లల బడులు వాటి పని. కొంత పన్ను డబ్బు వాటి చేతికి వస్తుంది.

ఆంఫో ఆఫీసుతో ప్రతి ఇంటికీ పని పడుతుంది. పుట్టుక, చావు, పెళ్ళి అక్కడ రాయించాలి. బిడ్డ పుడితే 15 రోజుల్లో చెప్పాలి. ప్రతి ఇంటికీ ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో అందులో పేర్లు ఉంటాయి. బడికి, ఆసుపత్రికి, ఓటుకు ఆ పుస్తకమే ఆధారం. అందులో పేరు లేకపోతే ఇబ్బందే.

ఓటు ముందు, కుర్చీ తరువాత

1897లో సయాంలో గ్రామపాలన చట్టం వచ్చింది. ఊరి పెద్దను ఎన్నుకోవడానికి మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళకూ హక్కు ఇచ్చింది. ప్రపంచంలో చాలా దేశాల్లో అప్పటికి ఆడవాళ్ళకు ఏ ఓటూ లేదు.

కానీ ఊరి పెద్ద కుర్చీలో ఆడది కూర్చోవడానికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు. ఆ అడ్డు 1982లో తొలగింది. అంటే 85 ఏళ్ళు. ఓటు వేసిన అమ్మమ్మ పోయింది. ఆమె కూతురు ముసలిదయింది. మనమరాలి కాలానికి కుర్చీ వచ్చింది. మొదటి మహిళా గవర్నరు 1993లో వచ్చారు. ఆమె పేరు చరత్‌శ్రీ. నాఖోన్ నాయోక్ అనే జిల్లాకు వేశారు.

పల్లెల్లో ఇంకో పని ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తోంది. అది ఊరి ఆరోగ్యం. 1970ల చివర ప్రభుత్వం ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు దేశమంతా కలిపి పది లక్షల మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. గర్భిణులను చూస్తారు. పసిబిడ్డల బరువు రాస్తారు. దోమలు పెరిగే నీళ్ళు పారబోయిస్తారు.

ఏటి మీద బతుకు

ఖోంగ్ చియమ్ పల్లెల్లో చాలా చోట్ల నేల రాతి నేల. వరి అందరికీ చాలినంత పండదు. ఆ లోటును ఏరు తీర్చేది.

మున్ నదిలో రాతి గుట్టలు, సుడులు ఎక్కువ. నీళ్ళు వాటి మీద నుంచి ఉరికి పారతాయి. వాటిని అక్కడ 'కేంగ్' అంటారు. ఆ రాళ్ళ సందుల్లో చేపలు దాక్కుంటాయి, మేత మేస్తాయి. తొలకరి పడగానే మెకాంగ్ నుంచి చేపలు గుంపులు గుంపులుగా మున్ నదిలోకి ఎదురెక్కేవి. గుడ్లు పెట్టి తిరిగి పోయేవి. వలలు, గాలాలు, వెదురు బుట్టలతో వాటిని పట్టేవాళ్ళు. ఏ చేప ఏ నెలలో వస్తుందో, ఏ రాయి దగ్గర దొరుకుతుందో పెద్దవాళ్ళకు నోటికి వచ్చు.

పట్టిన చేపలను ఏం చేయాలో ఆడవాళ్ళు చూసుకునేవాళ్ళు. కొన్ని ఇంటికి. కొన్ని సంతకు. కొన్ని వరి పండే ఊళ్ళకు మోసుకుపోయి, చేపలిచ్చి బియ్యం తెచ్చుకునేవాళ్ళు. మిగిలినవాటిని ఉప్పు, తవుడు కలిపి జాడీల్లో ఊరబెట్టేవాళ్ళు. దాన్ని 'ప్లారా' అంటారు. మనకు ఆవకాయ ఎట్లాగో వాళ్ళకు ప్లారా అట్లాగ. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, ముద్ద చేసి, ప్లారాతో తింటారు. జాడీ నిండా ప్లారా ఉంటే ఆ ఇంటికి ఏడాది దిగులు లేనట్టే.

ఎండాకాలం ఏరు తగ్గితే ఒడ్డున ఒండ్రు తేలుతుంది. అక్కడ కూరగాయలు వేసేవాళ్ళు. పొదల్లో వెదురు మొలకలు, పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళు. వీటిలో దేనికీ పట్టా లేదు. రసీదు లేదు. ఏరు అందరిదీ.

ఏటికి అడ్డంగా గోడ

దేశంలో కరెంటు అవసరం పెరిగింది. ఈసాన్‌లోనూ పెరిగింది. మున్ నదికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని ప్రభుత్వం అనుకుంది. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 1990లో పని మొదలైంది. 1994లో పూర్తయింది. దాని పేరు పాక్ మున్ ఆనకట్ట. మున్ నది మెకాంగ్‌లో కలిసే చోటుకు సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎగువన కట్టారు. ఎత్తు సుమారు 17 మీటర్లు. కరెంటు తయారుచేసే శక్తి 136 మెగావాట్లు.

ముంపు తగ్గాలని ముందు అనుకున్న చోటును మార్చారు. ఎత్తు కూడా తగ్గించారు. అది మంచిదే. కానీ మునిగే ఇళ్ళను, పొలాలను లెక్కించారు. చేపలను లెక్కించలేదు. చేపల మీద బతికేవాళ్ళను లెక్కించలేదు.

ఆనకట్ట తలుపులు మూశారు. చేపలు ఎదురెక్కే దారి మూసుకుపోయింది. కేంగ్‌లు నీళ్ళ కిందికి పోయాయి. చేపలు ఎక్కడానికి మెట్ల కాలువ ఒకటి కట్టారు. అది సరిగా పనిచేయలేదు.

2000లో ప్రపంచ ఆనకట్టల సంఘం ఒక నివేదిక ఇచ్చింది. అది చెప్పిన సంగతులు చూడండి. నదిలో అంతకు ముందు 265 రకాల చేపలు ఉండేవని లెక్క ఉంది. ఆనకట్ట తరువాత ఎగువన 96 రకాలే కనిపించాయి. ఎగువన దొరికే చేపలు 60 నుంచి 80 శాతం తగ్గాయి. ఇల్లో భూమో పోయే కుటుంబాలు 262 అని ముందు అంచనా వేశారు. చివరికి అవి సుమారు 1,700 అయ్యాయి. కరెంటు కూడా అనుకున్నంత రాలేదు. బాగా అవసరమైన గంటల్లో నమ్మకంగా వచ్చేది సుమారు 21 మెగావాట్లే అని సంఘం తేల్చింది. కట్టిన సంస్థ ఈ లెక్కలు కొన్నిటిని ఒప్పుకోలేదు.

లెక్కలో లేనివాళ్ళు

చేపలు పోయినవాళ్ళు ఆఫీసుకు పోయారు. "మీ పేరు జాబితాలో లేదు" అంటే ఏం చేస్తారు? ఇల్లు మునిగితే చూపించవచ్చు. పొలం పోతే పట్టా చూపించవచ్చు. పోయిన చేపను ఎట్లా చూపించాలి? రోజుకు ఎన్ని చేపలు పట్టారో ఎవరు రాసిపెట్టారు?

కట్టేటప్పుడే జనం అడ్డుపడ్డారు. ఆడవాళ్ళు ముందు వరుసలో నిలబడ్డారు. ముసలివాళ్ళూ, చంకన బిడ్డలున్నవాళ్ళూ వచ్చారు. 1995లో ప్రభుత్వం కొంత దిగివచ్చింది. కట్టిన మూడేళ్ళలో చేపలు నష్టపోయినందుకు కుటుంబానికి 90,000 బాత్ ఇస్తామంది. బాత్ అంటే అక్కడి రూపాయి. కొన్ని వేల కుటుంబాలకు ఇచ్చారు. మరి ఆ తరువాతి ఏళ్ళ సంగతి? ఎప్పటికీ పోయిన చేపల సంగతి? దానికి జవాబు రాలేదు.

1995 డిసెంబరులోనే 'పేదల సభ' అనే సంఘం పుట్టింది. ఆనకట్టలతో నష్టపోయినవాళ్ళు, భూమి లేనివాళ్ళు, కూలీలు అందులో చేరారు. 1997లో వాళ్ళు బ్యాంకాక్‌లో ప్రభుత్వ భవనం ముందు 99 రోజులు కూర్చున్నారు. అక్కడే వండుకున్నారు, అక్కడే పడుకున్నారు. 1999లో పాక్ మున్ జనం ఆనకట్ట దగ్గరే గుడిసెలు వేశారు. ఆ గుడిసెల ఊరికి 'మే మున్ మన్ యూన్' అని పేరు పెట్టారు. మున్ తల్లి కలకాలం నిలవాలి అని దాని భావం.

తలుపులు తెరిచారు, పుస్తకం తెరిచారు

2001 జూన్‌లో ప్రభుత్వం ఆనకట్ట తలుపులు తెరిచింది. తెరిస్తే ఏమవుతుందో చూద్దాం అంది. తరువాత గడువు ఒక ఏడాదికి పెంచింది. ఒక విశ్వవిద్యాలయానికి పరిశోధన చేయమని చెప్పింది.

ఊరివాళ్ళు ఊరికే కూర్చోలేదు. "మన ఏటిని మనమే లెక్క వేద్దాం" అనుకున్నారు. ఆ పనికి 'థాయ్ బాన్' పరిశోధన అని పేరు. అంటే ఊరివాళ్ళ పరిశోధన. చేపలు తెలిసిన పెద్దవాళ్ళు పరిశోధకులు. స్వచ్ఛంద సంస్థ యువకులు రాయడంలో సాయం చేశారు.

దొరికిన ప్రతి చేపనూ చూశారు. పేరు రాశారు. ఫొటో తీశారు. ఎప్పుడు వచ్చింది, ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది - పెద్దలు చెప్పారు, పిల్లలు రాశారు. ఒడ్డున మళ్ళీ మొలిచిన ఆకుకూరలు, మూలికలు రాశారు. తేలిన కేంగ్‌ల పేర్లు రాశారు.

చివరికి లెక్క తేలింది. 156 రకాల చేపలు తిరిగి వచ్చాయి. ఇంతకాలం నోటిలో ఉన్న జ్ఞానం కాగితం మీదికి వచ్చింది. "చేపలు ఉండేవి" అంటే ఎవరూ నమ్మలేదు. "ఇదిగో చేప, ఇదిగో పేరు, ఇదిగో తేదీ" అంటే కాదనలేకపోయారు.

3,000 ఏళ్ళ కిందట ఫా తేమ్ రాతి మీద చేపల బొమ్మ గీసినవాళ్ళు చేసిన పని ఏమిటి? వీళ్ళు చేసిన పని ఏమిటి? రెండూ ఒకటే కదా! తరువాత ఈ పద్ధతి సాల్వీన్ వంటి ఇంకొన్ని నదుల ఒడ్డు ఊళ్ళకు కూడా పాకింది.

గెలిచారా? ఓడారా?

పూర్తిగా గెలవలేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు తలుపులు ఐదేళ్ళు తెరిచి ఉంచమని సలహా ఇచ్చారు. ఊరివాళ్ళూ అదే అడిగారు. 2002లో ప్రభుత్వం ఏడాదికి నాలుగు నెలలే తెరుస్తామని తీర్మానించింది. ఏ నెలల్లో తెరవాలి అన్నదాని మీద ఆ తరువాత ఎన్నో ఏళ్ళు వాదన నడిచింది. తొలకరికి ఆలస్యంగా తెరిస్తే చేప రాదు. చేపకు తీర్మానం తెలియదు. దానికి వాన తెలుసు.

ఊళ్ళల్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు. నిలిచిన నీళ్ళ మీద పంట వేసుకునేవాళ్ళు తలుపులు మూయమంటారు. చేపలు పట్టేవాళ్ళు తెరవమంటారు. ఇద్దరూ అదే ఏటి బిడ్డలే.

కానీ ఒక సంగతి మారింది. ఆనకట్ట కట్టేటప్పుడు వాళ్ళు లెక్కలో లేరు. ఇప్పుడు లెక్క వాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళ చేత్తో తయారైన లెక్క అది. దాన్ని ఎవరూ చెరపలేరు.

కొత్త మాటలు

ఒండ్రు: ఏరు తెచ్చి వేసే మెత్తటి మట్టి
కప్పం: చిన్న దొర పెద్ద రాజుకు కట్టే సొమ్ము
ముంపు: నీళ్ళలో మునగడం
నివేదిక: విచారించి రాసి ఇచ్చిన కాగితం
పరిశోధన: తెలియని సంగతిని వెతికి తెలుసుకోవడం

జవాబులు చెప్పండి

1. ఖోంగ్ చియమ్ దగ్గర ఏ రెండు నదులు కలుస్తాయి?
2. ఊరి పెద్దను ఎవరు ఎన్నుకుంటారు? నై ఆంఫోను ఎవరు వేస్తారు?
3. ఆడవాళ్ళకు ఊరి పెద్ద ఎన్నికలో ఓటు వచ్చి ఎన్నేళ్ళకు కుర్చీ వచ్చింది?
4. తలుపులు తెరిచాక ఎన్ని రకాల చేపలు తిరిగి వచ్చాయి? ఆ లెక్క ఎవరు వేశారు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊరికి ఏది ఆధారం? చెరువా, ఏరా, అడవా? అందులో ఇప్పుడు ఏమేమి దొరుకుతాయి? మీ అమ్మమ్మ కాలంలో ఏమేమి దొరికేవి? ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. ఒక్కొక్కరు ఐదు పేర్లు రాయండి. అందరివీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి. పైన తేదీ వేయండి. కింద మీ పేర్లు రాయండి. ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి.